1937: బొబ్బిలి రాజాను దించిన ఓటు జమీందారీ రైతుకు ఏం తెచ్చిపెట్టింది?

1937 ఫిబ్రవరిలో మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన ఎన్నికల గురించి ఎవరినడిగినా ఒకటే చెప్తారు. బొబ్బిలి రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ కొట్టుకుపోయింది, కాంగ్రెస్ వచ్చింది, రాజాజీ గద్దెనెక్కాడు, అదంతా గాంధీ గాలి. గాలి ఉన్న మాట నిజమే. కానీ అప్పటికి పదిహేడేళ్లలో ఎక్కువ కాలం మంత్రి పదవుల్లో ఉన్న పార్టీ, అదీ బ్రాహ్మణేతరులకు చదువులూ ఉద్యోగాలూ ఇప్పించిన పార్టీ, 215 స్థానాల్లో ఇరవైకి అటూ ఇటూ సీట్లతో మిగిలిపోవడాన్ని ఒక్క గాలితో చెప్పేస్తే అసలు సంగతి పక్కకుపోతుంది. ఆ ఓటమికి మూలం పొలంలో ఉంది, ముఖ్యంగా మన కోస్తా జిల్లాల జమీందారీ గ్రామాల్లో. ఆ రైతు ఓటుతో ప్రభుత్వం మారింది, మరి ఆ రైతుకు చివరికి ఏం దక్కిందన్నది కూడా దాంతోపాటే చూడాలి.

ముందు జస్టిస్ పార్టీకి దక్కాల్సిన న్యాయం దక్కనిద్దాం. 1916లో పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం.నాయర్, నటేశ మొదలియార్ కలిసి పెట్టిన పార్టీ అది. అప్పట్లో ప్రభుత్వ కొలువుల్లో, కాలేజీల్లో బ్రాహ్మణుల వాటా వాళ్ల జనాభాతో పొంతన లేనంత ఎక్కువ, దాన్ని సరిచేయడమే పార్టీ పుట్టుకకు కారణం. 1920లో అధికారంలోకి వచ్చాక 1921, 1922ల్లో ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా ఇచ్చే జీవోలు తెచ్చింది, 1921లోనే ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చింది, గుళ్ల ఆస్తుల మీద పర్యవేక్షణకు చట్టం చేసింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది ఆ పార్టీ చేసిన చట్టంతోనే, అప్పుడు ప్రభుత్వ పెద్ద, అంటే ముఖ్యమంత్రి లాంటివాడు, పానగల్లు రాజా. ఇవి చిన్న పనులు కావు. ఇవాళ మనం రిజర్వేషన్లని పిలుచుకునే ఏర్పాటుకు ఈ దేశంలో తొలి అడుగులు వేసినవాళ్లలో వీళ్లున్నారు.

అయితే జస్టిస్ పార్టీ గెలిచిన ఎన్నికలను ఒకసారి వరసగా చూడండి. 1920లో కాంగ్రెస్ ఎన్నికలను బహిష్కరించింది, 98 సీట్లలో జస్టిస్ పార్టీ 63 గెలిచింది. 1923లో కాంగ్రెస్‌లో ఒక భాగం స్వరాజ్య పార్టీ పేరుతో పోటీకి దిగేసరికి జస్టిస్ బలం తగ్గింది. 1926లో స్వరాజ్య పార్టీయే పెద్ద పార్టీగా వచ్చింది, కానీ పదవులు తీసుకోం అని మొండికేసింది కాబట్టి సుబ్బరాయన్ నాయకత్వంలో స్వతంత్రుల మంత్రివర్గం నడిచింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం, శాసనోల్లంఘన ఉధృతంగా ఉన్న రోజులు, కాంగ్రెస్ మళ్లీ ఎన్నికలకు దూరం, జస్టిస్ మళ్లీ గెలుపు. అంటే కాంగ్రెస్ బరిలో లేనప్పుడే జస్టిస్‌కు హాయిగా నడిచింది. ఓటర్లలో తమకు నిజంగా ఎంత పట్టుందో ఆ పార్టీ నాయకులకే సరిగా తెలియకుండా పోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద మంత్రులకు దక్కింది సగం అధికారమే. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం లాంటివి మంత్రుల చేతిలో, పోలీసు, ఆర్థికం, భూమి శిస్తు గవర్నరూ ఆయన కార్యనిర్వాహక సభ్యుల చేతిలో. రైతు గుండె మండేది శిస్తు దగ్గర, ఆ శిస్తు మీద మంత్రికి అధికారం లేదు. కానీ ఊళ్లో రైతుకు ఈ విభజన ఎందుకు పడుతుంది? ప్రభుత్వం అంటే ప్రభుత్వమే. తిట్లన్నీ మంత్రులకే తగిలాయి, పైగా ఆ మంత్రులు తెల్లవాళ్లతో గట్టిగా తగవుపడ్డ దాఖలా కూడా జనానికి కనిపించలేదు.

ఇక 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది, కట్టాల్సిన శిస్తు మాత్రం తగ్గలేదు. అదే సమయంలో కృష్ణా గోదావరి డెల్టా జిల్లాల్లో శిస్తు పెంచాలని సర్కారు రీసెటిల్‌మెంటు, అంటే శిస్తు రేట్లను మళ్లీ కట్టడం, మొదలుపెట్టింది, దాని మీద డెల్టా అంతా ఆందోళన. ఇది రైతువారీ ఊళ్ల కథ, అంటే రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే చోట్ల.

జమీందారీ ఊళ్ల కథ ఇంకా ఘోరం. 1802 శాశ్వత పైసలా ప్రకారం జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు ఎప్పటికీ మారదు. రైతు దగ్గర వసూలు చేసేది మాత్రం తరం తరానికీ పెరుగుతూ పోయింది, ఆ తేడా అంతా దివాణానికి మిగులు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, వెంకటగిరి, ఇలా కోస్తా పొడవునా ఎస్టేట్లే. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకు భూమి మీద సాగు హక్కు ఇచ్చింది కానీ, బకాయి పడితే దావాలు, జప్తులు, వేలాలు తప్పలేదు. అడవిలో పుల్ల ఏరుకోవాలన్నా, పశువును బీడులో మేపాలన్నా, చెరువు నీళ్లు వాడుకోవాలన్నా ఎస్టేటు ఉద్యోగి దయ ఉండాలి. ధర పడిపోయిన రోజుల్లో ఈ రైతు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

సరిగ్గా ఆ సమయంలో జస్టిస్ పార్టీ ఏం చేసిందో చూస్తే నాకు 1937 ఫలితం అక్కడే కనిపిస్తుంది. 1930లో ప్రభుత్వ పెద్ద అయినవాడు చిత్తూరు వకీలు బొల్లిని మునుస్వామి నాయుడు. జమీందారు కాదు, రైతుల వైపు, చిన్న భూస్వాముల వైపు మొగ్గు ఉన్న మనిషి. జమీందార్లకు ఆయన గిట్టలేదు. పార్టీలోనే వర్గం కట్టి, అవిశ్వాసం బెదిరింపుతో 1932 నవంబరులో ఆయన్ని దించేసి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు పదవిలోకి వచ్చారు. ఆనాటికి ఆయనకు గట్టిగా ముప్పయ్యేళ్లు దాటాయంతే. బ్రాహ్మణేతరులందరి పార్టీ అని చెప్పుకునే పార్టీ రైతులు నలిగిపోతున్న రోజుల్లో వెళ్లి జమీందార్ల చేతిలో పడింది. కమ్మ, రెడ్డి, కాపు, వెలమ రైతు కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్లు ఇది చూస్తూనే ఉన్నారు, పార్టీ కులం పేరు చెప్తుంటే తమ నాన్న పొలం వేలానికి వస్తోంది.

బొబ్బిలి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. ఇనాం గ్రామాల, అంటే పూర్వం దానంగా ఇచ్చిన ఊళ్ల, రైతులకు హక్కులిచ్చే ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం సవరణ 1936లో వచ్చింది వాళ్ల హయాంలోనే. కానీ దాని పక్కనే తాలూకా బోర్డుల రద్దు ఉంది, జిల్లా బోర్డులను తమవాళ్లకు అనుకూలంగా చీలుస్తున్నారన్న ఆరోపణ ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా మంత్రుల జీతాలున్నాయి. నెలకు 4 వేల రూపాయలకు పైగా! బస్తా ధాన్యం అమ్మితే శిస్తుకు సరిపోని రోజుల్లో ఆ అంకె జనం నోళ్లలో నానింది. కాంగ్రెసేమో మంత్రులకు 500 రూపాయలు చాలు అని 1931 కరాచీ మహాసభలోనే తీర్మానించి కూర్చుంది.

పైగా 1930లో ఎన్నికైన శాసనమండలి గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 1937 దాకా లాగారు. ఏడేళ్లలో ఓటరు ముందుకు రాని ప్రభుత్వానికి నేల సంగతి తెలియదు. హెచ్చరికలు రాకపోలేదు. 1934లో కేంద్ర శాసనసభ ఎన్నికల్లో, ఆ సభకే అధ్యక్షుడుగా ఉన్న షణ్ముఖం చెట్టి కాంగ్రెస్ నిలబెట్టిన సామి వెంకటాచలం చెట్టి చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత జిల్లా బోర్డుల్లోనూ కాంగ్రెస్ పాగా వేసింది. చివరి ఘడియల్లో పిఠాపురం రాజా విడిపోయి పీపుల్స్ పార్టీ పెట్టుకున్నారు, దానికి దక్కింది ఒక్క సీటు.

అటు కాంగ్రెస్ ఏం చేస్తోంది? జైళ్ల నుంచి బయటికి వచ్చిన కార్యకర్తలు ఊళ్లలో ఉన్నారు. ఆంధ్రకు విడిగా రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ ఎప్పటి నుంచో ఉంది కాబట్టి ప్రచారం అంతా తెలుగులో, తెలుగు నాయకులతో సాగింది. ఎన్.జి.రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి యువకులకు శిక్షణ ఇస్తున్నాడు, జమీందారీ రైతుల మహాసభలు జరుపుతున్నాడు, 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడితే దానికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అదే ఏడాది కాంగ్రెస్ ఎన్నికల ప్రణాళికలో శిస్తు తగ్గింపు, కౌలు తగ్గింపు, అప్పుల నుంచి ఉపశమనం చేరాయి. జమీందారీ రైతుకు ఇది ఒక మాట ఇచ్చినట్టే. ఈ మాటను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఓటరు ఎవరన్నది. 1935 భారత ప్రభుత్వ చట్టం మంత్రులకు సగం అధికారమే ఇచ్చిన ఆ ద్వంద్వ ప్రభుత్వాన్ని రాష్ట్రాల్లో తీసేసి శాఖలన్నీ మంత్రులకు ఇచ్చింది, ఓటర్ల సంఖ్యనూ పెంచింది. మద్రాసులో పన్నెండు, పదమూడు లక్షలతో మొదలైన ఓటర్లు ఈసారి సుమారు 60 లక్షలు. దేశం మొత్తం మీద దాదాపు 3 కోట్లు. అందరికీ ఓటు అనుకునేరు, అది కానే కాదు, పన్నో ఆస్తో చదువో ఉంటేనే. కూలీకి లేదు, భూమిలేని పాలేరుకు లేదు. కానీ ఓ మాదిరి భూమి ఉన్న రైతు మాత్రం ఈసారి పెద్ద సంఖ్యలో జాబితాలోకి ఎక్కాడు. జస్టిస్ పార్టీ అలవాటుపడ్డ ఓటర్లు వేరు, 1937లో క్యూలో నిలబడ్డవాళ్లు వేరు. నా దృష్టిలో ఈ ఎన్నికలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే, గాంధీ పేరు ఎంత పనిచేసినా ఆ పేరు విని ఓటెయ్యడానికి ఓటున్న రైతు ఉండాలి కదా.

సీట్ల అమరిక కూడా తెలిస్తే ఫలితం బాగా అర్థమవుతుంది. 215లో జనరల్ 116, షెడ్యూల్డు కులాలకు 30, ముస్లింలకు 28, భారతీయ క్రైస్తవులకు 8, మహిళలకు 8, భూస్వాములకు 6, వాణిజ్యానికి 6, కార్మికులకు 6, యూరోపియన్లకు 3, ఆంగ్లో ఇండియన్లకు 2, విశ్వవిద్యాలయానికి ఒకటి, వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ ఒకటి. భూస్వాములకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించిన సభ అది. షెడ్యూల్డు కులాల 30 సీట్లు గాంధీ, అంబేద్కర్‌ల మధ్య కుదిరిన 1932 పూనా ఒప్పందం లెక్క. ఒరిస్సా 1936 ఏప్రిల్‌లో విడి రాష్ట్రమై గంజాం చాలావరకు అటు పోయింది, కాబట్టి ఈ ఎన్నికల్లో మద్రాసుకు ఉత్తరపు కొస విశాఖపట్నం జిల్లా.

చదువురాని ఓటరు కోసం పార్టీలకు రంగు పెట్టెలు ఇచ్చారు. ఓటరు చీటీ తీసుకుని లోపలికి వెళ్లి తనకు కావలసిన రంగు పెట్టెలో వెయ్యాలి. కాంగ్రెస్‌కు పసుపు పెట్టె దక్కింది. గాంధీకి ఓటెయ్యండి, పసుపు పెట్టెలో వెయ్యండి, ఇంతే ప్రచారం. అభ్యర్థి పేరు కూడా అక్కర్లేదు. పసుపు మన ఇళ్లలో శుభకార్యానికి గుర్తు, ఆడవాళ్లకు ఆ పెట్టె గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు. తమిళ జిల్లాల్లో కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి సినిమా, నాటకాల వాళ్లను కూడా ప్రచారానికి దింపాడు. నెహ్రూ 1936 చివర్లో ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు.

బొబ్బిలిలో పోటీ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అభ్యర్థి స్వయంగా రాజా, ప్రభుత్వ పెద్ద, ఆ ఊరు ఆయన సంస్థానం, ఓటర్లలో ఎంతోమంది ఆయన ఎస్టేటు రైతులు. ఎదురుగా కాంగ్రెస్ నిలబెట్టింది వి.వి.గిరిని, బరంపురంలో పుట్టి ఐర్లండులో చదువుకుని వచ్చి రైల్వే కార్మికుల సంఘాలు నడిపిన మనిషిని. సంస్థానంలో రాజాకు వ్యతిరేకంగా ఓటెయ్యడమంటే రైతుకు ఎంత టెన్షనో ఆలోచించండి, రేపు బకాయి దావా తన మీదే పడవచ్చు, పశువులు బందెలదొడ్డికి పోవచ్చు. అయినా వేశారు. పెట్టెలో పడే చీటీ మీద పేరుండదన్న ధైర్యమే వాళ్లకు దన్ను. రాజా వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇక్కడ నాకు గిరి ఘనత కన్నా ఆ పేరు తెలియని రైతుల గుండె ధైర్యమే ఎక్కువగా కనిపిస్తుంది. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు కాబట్టి ఆయన పేరు మిగిలింది.

మొత్తం ఫలితం చూస్తే అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 159. ఎగువ సభలో ఎన్నికతో నింపే 46 స్థానాల్లో 27. పదకొండు రాష్ట్రాల్లో ఎన్నికలు జరిగితే కాంగ్రెస్‌కు ఇంత భారీ గెలుపు మద్రాసులోనే. ముస్లిం స్థానాల్లో మాత్రం ఆ పార్టీకి దక్కింది చాలా తక్కువ, ఆ లోటు తర్వాతి పదేళ్లలో, దేశ విభజన దాకా, ఎంత ఖరీదైందో అందరికీ తెలిసిందే.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. ఓటరు మారినట్టే నాయకులూ మారారు. గ్రామాల్లో పలుకుబడి ఉన్న రైతు కులాల పెద్దలు, నిన్నటిదాకా జస్టిస్ వైపున్నవాళ్లు, గాలి తెలుసుకుని కాంగ్రెస్‌లోకి వచ్చేశారు. 1926 నుంచి 1930 దాకా ప్రభుత్వ పెద్దగా ఉన్న సుబ్బరాయన్, కుమారమంగళం జమీందారు, ఈసారి కాంగ్రెస్ మంత్రి అయ్యాడు. జమీందారీ వ్యతిరేక ఓటుతో గెలిచిన మంత్రివర్గంలో జమీందారు! దీని ప్రభావం ముందుముందు కనిపిస్తుంది.

గెలిచారు సరే, వెంటనే గద్దెనెక్కారా? లేదు. 1935 చట్టం గవర్నరుకు ప్రత్యేక అధికారాలు ఇచ్చింది, మంత్రుల సలహాను పక్కనపెట్టవచ్చు. వాటిని వాడనని గవర్నరు హామీ ఇస్తేనే ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని కాంగ్రెస్ మార్చిలో తీర్మానించింది. గవర్నర్లు ఇవ్వలేదు. మద్రాసు గవర్నరు ఎర్‌స్కిన్ ముందు ఉదారవాద నాయకుడు శ్రీనివాస శాస్త్రిని అడిగాడు, ఆయన వద్దన్నాడు. చివరికి జస్టిస్ నాయకుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఏప్రిల్ 1న తాత్కాలిక మంత్రివర్గం పెట్టాడు. జనం ఓడించిన పార్టీ మనిషి, సభలో మెజారిటీ లేని మనిషి, మూడున్నర నెలలు ప్రభుత్వం నడిపాడు. సభను పిలిస్తే పడిపోతుంది కాబట్టి పిలవలేదు. ఓటుతో ప్రభుత్వం మారడానికీ అధికారం చేతికి రావడానికీ మధ్య ఎంత దూరముందో ఆ మూడున్నర నెలలు చూపించాయి. జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో కాస్త మెత్తబడ్డ ప్రకటన చేశాక, జులైలో వార్ధాలో కాంగ్రెస్ కార్యవర్గం సరేనంది, జులై నడుమ రాజాజీ మంత్రివర్గం వచ్చింది.

ప్రచారం మోసినవాడు సత్యమూర్తి అయినా నాయకత్వం రాజాజీకి వెళ్లింది. తాను పోటీ చేయాలనుకున్న విశ్వవిద్యాలయ సీటును సత్యమూర్తి రాజాజీకి వదిలేశాడు, మంత్రివర్గంలో ఆయనకు చోటు దక్కలేదు. ఇది అన్యాయమనే నాకు అనిపిస్తుంది. తెలుగువాళ్లలో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ, వి.వి.గిరి కార్మిక, పరిశ్రమలు, ముప్పయ్యేళ్ల బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పరిపాలన, సభాపతిగా బులుసు సాంబమూర్తి. జీతం 500 రూపాయలే తీసుకున్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఆ రెండేళ్ల మూడు నెలల్లో చాలా జరిగింది. సేలంలో మొదలుపెట్టి చిత్తూరు, కడప జిల్లాలకూ మద్య నిషేధం, ఆ నష్టం పూడ్చడానికి అమ్మకం పన్ను, ఆలయ ప్రవేశానికి చట్టం, బళ్లలో నిర్బంధ హిందీ, దాని మీద తమిళ జిల్లాల్లో పెరియార్ ముందుండి నడిపిన పెద్ద ఆందోళన. విడి ఆంధ్ర రాష్ట్రం విషయంలో 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది, మరుసటి ఏడాది అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది, లండన్ ఒప్పుకోలేదు. 1938 రుణ ఉపశమన చట్టం రైతుకు నిజంగా మేలు చేసింది, పాత బాకీల మీద పేరుకుపోయిన వడ్డీని కొట్టేసింది.

మరి జమీందారీ రైతుకు ఇచ్చిన మాట? ప్రకాశం అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఊళ్లు తిరిగింది, రైతుల దగ్గర సాక్ష్యాలు తీసుకుంది, రైతులు కూడా ఊరికే కూర్చోలేదు, ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన రైతు రక్షణ యాత్ర చేసి అర్జీలు పట్టుకెళ్లారు. కమిటీ 1938లో ఇచ్చిన నివేదిక సూటిగా ఉంది. భూమి రైతుది, జమీందారు కేవలం శిస్తు వసూలుచేసేవాడు, కౌళ్లను 1802 నాటి స్థాయికి తగ్గించాలి. 1939 జనవరిలో సభ ఆ సిఫార్సులను ఆమోదించింది. ఆమోదం దగ్గరే ఆగింది. బిల్లు రాలేదు. గవర్నరు అడ్డం, ఎగువ సభలో భూస్వాములు, అవన్నీ నిజమే, కానీ 159 మంది ఉన్న పార్టీ సేలం మద్య నిషేధానికీ నిర్బంధ హిందీకీ చూపించిన తొందరలో నాలుగో వంతు ఇక్కడ చూపించి ఉంటే తొమ్మిది నెలల సమయం చాలేది. రాజాజీకి ఈ నివేదిక మీద ప్రకాశానికున్నంత మమకారం లేదు, మంత్రివర్గంలోనూ పార్టీలోనూ భూమి ఉన్న పెద్దలు ఉన్నారు.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది, భారతదేశాన్ని అడక్కుండా యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా అక్టోబరు చివర్లో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1935 చట్టం 93వ సెక్షను కింద గవర్నరు పాలన మొదలై 1946 దాకా సాగింది. ఆ పాలనలోనే 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో, అడవి హక్కుల కోసం తిరగబడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మ అనే రైతు మహిళ, ఆమెతోపాటు మరికొందరు చనిపోయారు. జమీందారీల రద్దు చట్టం 1948లో, స్వాతంత్ర్యం వచ్చాక, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. పసుపు పెట్టెలో ఓటేసిన నాటికి అప్పటికి పదకొండేళ్లు. ఆ చట్టంలో జమీందార్లకు నష్టపరిహారం కూడా ఉంది.